కొట్టకపోతే ఎందుకు ఆగారు?

ఆ వానాకాలం మా కారు ఇంటి ముందు ఉండేది, దాని తాళం చెవి నాన్న చొక్కా జేబులో రాణిగంజ్‌లో ఉండేది, అమ్మ బస్‌స్టాప్‌లో ఉండేది. మూడూ మూడు చోట్ల. వాటిని మళ్ళీ ఒక్కచోటికి తెద్దామని నేను డిటెక్టివ్ వేషం వేశాను. అప్పుడు ఎవరెవరిని అనుమానించానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరిని అనుమానించలేదో తలుచుకుంటే మాత్రం నవ్వు రాదు.

కారు ఉగాదికి కొన్నాం. కాగితాల మీద పేరు నాన్నది, నడిపేది అమ్మ. మా తాత బతికినన్నాళ్ళూ సికింద్రాబాద్ స్టేషన్ ముందు అంబాసిడర్ టాక్సీ నడిపాడు కానీ నాన్నను మాత్రం స్టీరింగ్ ముట్టనివ్వలేదట. అందుకే మా నాన్న దయాకర్, రాణిగంజ్‌లో మోటారు పంపులు అమ్మే దయాకర్, మోటారు కారు నడపలేడు. అమ్మ యాభైకి దగ్గర పడ్డాక నేర్చుకుంది. నేర్చుకున్న నెలకే బొల్లారంలో ప్లేస్కూల్ టీచరుగా చేరింది. మారేడ్‌పల్లి నుంచి కార్ఖానా మీదుగా బొల్లారం దాకా ఆ పెద్ద పెద్ద లారీల మధ్య మా అమ్మ స్వర్ణలత కారు నడుపుకుంటూ పోతుందంటే నా ఫ్రెండ్స్ నమ్మలేదు. నేను వీడియో తీసి చూపించాను. పక్క సీట్లో నేనే అరుస్తున్నాను అందులో, అమ్మ మాత్రం నింపాదిగా హారన్ కొడుతోంది.

జ్యేష్ఠం షురూ అయిన ఆదివారం మా నానమ్మ విజయమ్మ కారుకు పూజ చేసింది. సికింద్రాబాద్‌లో జరిగే లష్కర్ బోనాలకు ఇంకా నెలన్నర ఉండగానే ఆమెకు ఇల్లంతా పూనకమే. వేపమండలు, నిమ్మకాయల దండ, బానెట్ మీద, బంపర్ మీద చేతికొద్దీ పసుపు. రోజూ పొద్దున్నే గుడ్డ పట్టుకుని కారు తుడిచే నాన్నను ఆ రోజు తుడవనివ్వలేదు. "పూజ జేసిన బండిని తుడుస్తరారా? వానొస్తే అదే పోతది" అంది.

మర్నాడే వచ్చింది వాన. మధ్యాహ్నం అమ్మ తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. చీర కుచ్చిళ్ళ నిండా బురద.

"కారుండంగ గిట్లెట్ల తడిసినవే?" అంది నానమ్మ.

"కార్ఖానా కాడ ఒకాయన స్కూటీ జారి పడ్డడు అత్తమ్మా. ఎవ్వరు ఆగుతలేరు. నేను దిగి లేపిన. బండి పక్కకు పెట్టి నీళ్ళు తాపిన. జెరంత సేపు కూసోబెట్టి వచ్చిన."

"మంచిపని జేసినవ్. తల తుడుచుకో పో."

అంతే. నేను చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు కూడా తీయలేదు.

మర్నాడు పొద్దున నాన్న గుడ్డ పట్టుకుని బయటికెళ్ళి అక్కడి నుంచే పిలిచాడు. "స్వర్ణా, ఇదేంది?"

ముందు బంపర్ ఎడమ మూల పగిలి ఉంది. పెద్దదేం కాదు, వెంట్రుకలాంటి గీత, దాని చివర చిన్న సొట్ట. అమ్మ వంగి చూసి, "నాకేం తెల్వది. ఎక్కడన్న ఆపినప్పుడు ఎవరన్న తాకిచ్చిన్రేమో" అంది. నాన్న ఆ గీతను, అమ్మ ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. ఏమీ అనలేదు. గేటు పక్కన మందారాలు కోస్తున్న నానమ్మ సగం బుట్టతోనే లోపలికెళ్ళిపోయింది. నాన్న ఏమీ అనకపోవడం గానీ, నానమ్మ పూలు మధ్యలో వదిలేయడం గానీ, నేను పట్టించుకోలేదు. డిటెక్టివ్‌ని కదా!

పది పన్నెండు రోజులకు అమ్మిరాజు గారు వచ్చారు, ఇన్సూరెన్స్ కంపెనీ తరపున. తెల్ల చొక్కా, భుజాన బ్యాగు, మాట కంటే ముందు 'అండి' వచ్చే మనిషి. కార్ఖానాలో స్కూటీ జారి పడ్డాయన, యుగంధర్ అనే టైలర్, లోక్ అదాలత్‌లో పిటిషన్ పెట్టాడట, మా కారు వెనక నుంచి కొట్టడం వల్లే తాను పడ్డానని, మణికట్టు బెణికిందని, నష్టం ఇప్పించమని. నంబర్ కూడా సరిగ్గా రాశాడు. రాయడా మరి, అమ్మ అంతసేపు అక్కడే నిలబడింది.

"నేను కొట్టలే సార్. ఆయన నా ముంగట జారి పడ్డడు. నేను ఆగిన" అంది అమ్మ.

అమ్మిరాజు గారు బంపర్ మూల ఫోటో తీశారు. ఇంకోటి తీశారు. లేచి నిలబడి నవ్వుతూనే అడిగారు.

"అది సరేనండి. కొట్టకపోతే ఎందుకు ఆగారు?"

  నేను చూస్తుండగానే అమ్మ ముఖం ఒక స్టూడెంట్ ముఖంలా అయిపోయింది, సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినట్టు.

ఆ సాయంత్రం నాన్న చెయ్యి చాపాడు. "కేసు తేలేదాక బండి ముట్టకు స్వర్ణా. మల్ల ఏమన్న అయితే ఇంకింత పరేషాన్."

అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి తాళం చెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. వాదించలేదు. అదే నా ఒళ్ళు మండించింది. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ కేసు తేల్చేది నేనే అని. కేసు తేలితే తాళం అమ్మకొస్తుంది. సింపుల్!

నాకు కార్లంటే పిచ్చి. ఫోన్‌లో యాక్సిడెంట్ వీడియోలు ఆపి ఆపి చూసి ఎవడిది తప్పో చెప్పేస్తుంటాను. అందుకే పొడుగైన కుర్తా ఒకటి సంచిలో వేసుకుని, కురచ చేయించాలనే వంకతో, పిటిషన్ కాగితం మీది అడ్రసు పట్టుకుని యుగంధర్ షాపుకెళ్ళాను. మారేడ్‌పల్లి మార్కెట్ వెనక సందులో చిన్న షాపు. బయటే ఉంది స్కూటీ. ఎడమ పక్క మొత్తం గీరుకుపోయింది. వెనక? వెనక నంబర్ ప్లేటు అద్దంలా మెరుస్తోంది! ఒక్క గీత లేదు! వెనక నుంచి కొడితే వెనక ఏమీ కాకుండా ఎలా ఉంటుంది? టకటకా ఫోటోలు తీశాను. లోపల చూస్తే కట్టు కట్టిన చేత్తోనే కత్తెర పట్టుకుని జాకెట్ గుడ్డ కోస్తున్నాడు. దొరికాడు దొంగ అనుకున్నాను. కుర్తా గిర్తా మర్చిపోయి సూటిగా అడిగేశాను.

"అంకుల్, కార్ఖానాలో మిమ్మల్ని లేపింది మా అమ్మ. ఆమె మీద కేసెట్ల పెట్టిన్రు?"

అతను కత్తెర కింద పెట్టాడు. నేను అరుపులకు రెడీగా ఉన్నాను. అతనేమో స్టూలు ముందుకు జరిపాడు.

"మేడమ్ బిడ్డవా? ముందుగాల చెప్పొద్దా? కూసో, చాయ్ తాగు."

"చాయ్ వద్దు. అమ్మ మిమ్మల్ని కొట్టిందా?"

"నేను యెనకకు చూడలే బిడ్డా. వాన. బండి ఒక్కసారి జారింది, కింద పడ్డ. కండ్లు తెరిస్తే కారు పక్కన్నే ఉన్నది, మేడమ్ నీళ్ళ సీసా పట్టుకొని నిలబడ్డది."

"అంటే కొట్టడం చూడలేదు!"

"చూసుడేంది? నా పక్కకెళ్ళి ఎన్ని బండ్లు పోలే? ఒక్కడన్న ఆగిండా? ఆమొక్కతే ఆగింది. కొట్టకుంటే ఎందుకు ఆగుతది?"

"సాయం చేయనీకి!"

"ఈ ఊర్లనా?" అని నవ్వాడు. ఆ నవ్వులో దొంగతనం లేదు, అందుకే నాకు భయమేసింది. "మంచిదే మీ అమ్మ, కాదంటలేను. కొట్టి ఉరుకలే. అందుకే గదా ఆమె మీద పోలీసు కేసు గిట్ల వద్దన్న. ఇన్సూరెన్స్ కెళ్ళి ఇప్పియ్యమన్న, అంతే. ఈ చెయ్యి చూడు, కత్తెర పడితే ఇప్పటికీ సలుపుతది. పెండ్లిళ్ళ సీజన్ల పని బందు పెడితే ఎట్ల?"

నిజంగా నమ్ముతున్నాడా, నమ్ముతున్నట్టు నటిస్తున్నాడా? ఇంటిదాకా అదే ఆలోచన. నటనే అని తేల్చేసుకున్నాను. అమ్మిరాజు, యుగంధర్ కుమ్మక్కయ్యారని కూడా తేల్చేశాను. ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు కదా! స్కూటీ వెనక భాగం ఫోటోలు పెట్టి కంపెనీకి మెయిల్ కొట్టాను. 'మీ ఫిర్యాదు అందింది' అని మిషన్ జవాబు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. నాన్న భోజనం దగ్గర, "ఎందుకే ఈ లొల్లి? సుల్లా అయితే అయిపాయె" అన్నాడు, రాజీ పడితే పోతుందన్నట్టు. నాన్న షాపులో అలాగే చేస్తాడు. పంపు ఎవరు పాడుచేసినా, కస్టమర్ గొంతు లేపగానే "మాదే తప్పు, మార్చిస్తం" అంటాడు. దుకాణం నడవాలంటే లొల్లి పనికిరాదట.

ఓ రోజు నాన్న ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. క్లెయిమ్ సెటిల్ అయింది. లోక్ అదాలత్‌లో రాజీ. ముగిసింది. ఎలా ముగిసింది? మమ్మల్ని పిలవకుండా, నా ఫోటోలు చూడకుండా?

"రేపు ఆఫీసుకు పోదాం. ముగ్గురం" అన్నాను.

"నాకు దుకాణం ఉన్నది" అన్నాడు నాన్న.

"నేనొస్త" అంది అమ్మ. అలా అనడంతో నాన్న కూడా రాక తప్పలేదు. ఆటోలో వెళ్ళాం. నాన్న జేబులో కారు తాళం గలగలమంటూనే ఉంది గుంతల్లో.

ఎస్పీ రోడ్డు మీద మూడో అంతస్తు. అమ్మిరాజు గారు మమ్మల్ని చూసి కుర్చీలు వేయించారు. నా ఫోటోలు ఓపిగ్గా చూశారు కూడా.

"మీ పాయింటు బావుందమ్మా. కానీ చిన్న కేసు. కోర్టులో ఏళ్ళ తరబడి పోరాడే కంటే రాజీ తేలికండి. కట్టింది మేమే కదా, మీకొచ్చిన నష్టం ఏముంది చెప్పండి?"

"నష్టం ఉన్నది" అంది అమ్మ. "మీ రికార్డుల ఏమని రాసిన్రు?"

"అంటే... డ్రైవర్ అజాగ్రత్త అని రాయాలి కదండీ, లేకపోతే డబ్బెలా ఇస్తాం?"

"నన్నెవరన్న అడిగిన్రా?"

"ఓనర్ గారిని అడిగామండి. ఫోన్లో. వారు ఒప్పుకున్నారు."

"అబద్ధం!" అని లేచాను నేను. "మా నాన్న ఎందుకు ఒప్పుకుంటడు? కాల్స్ రికార్డ్ చేస్తరు కదా మీరు? వినిపియ్యండి!"

"పోదాం పా వసూ" అన్నాడు నాన్న. కుర్చీలోంచి సగం లేచాడు. "అయిపోయినదానికి ఎందుకు?"

"లేదు నాన్నా, వీళ్ళను ఇయ్యాల్ల వదిలిపెట్టొద్దు."

అమ్మిరాజు గారు నాన్న వైపు ఒకసారి చూశారు. మంచి మనిషే అనుకుంటాను ఇప్పుడు, ఆ చూపు తలుచుకుంటే. నేను బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడే ఉన్నాను. ఆయన కంప్యూటర్ తనవైపు తిప్పుకుని, వెతికి, సౌండ్ పెట్టారు.

ముందు రాణిగంజ్ వినిపించింది. లారీ హారన్లు, ఎవరో పైపులు దింపుతున్న చప్పుడు. తర్వాత నాన్న గొంతు, షాపులో కస్టమర్లతో మాట్లాడే గొంతు.

"ఆఁ, చెప్పండి... అవును, మా ఆవిడే నడుపుతది... చూడలే నేను. గని బంపర్ పలిగింది గదా. ఆమెకు డ్రైవింగ్ కొత్త. కొట్టే ఉంటది. కొట్టకుంటే ఎందుకు ఆగుతది? మీరే ఎట్లనో ఒకట్ల సుల్లా చేసేయండి సార్."

టక్‌మని ఆగింది.

పక్క టేబుల్ మీద ప్రింటర్ ఏదో పేజీలు కక్కుతోంది. అమ్మ కొంగు భుజాన సర్దుకుంది, హ్యాండ్‌బ్యాగు తీసుకుంది.

"స్కూల్ల సగం పూటనే సెలవు పెట్టిన. నేను బస్సుల పోత" అంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, ఇంట్లో అందరం మర్యాదగా ఉన్నాం. అంతకంటే భయంకరమైన సంగతి లేదు. "ఇంకింత కూర వేయమంటరా?" "చాలు." "కరెంట్ బిల్లు కట్టిన్రా?" "కట్టిన." అమ్మ పొద్దున్నే గొడుగు పట్టుకుని బస్సుకు పోయేది. నాన్న తాళం చెవి తిరిగిస్తానని అనలేదు, అమ్మ అడగలేదు. జేబులో దాన్ని తడుముకుంటూ ఉండేవాడు, పుప్పి పన్నును నాలుకతో తడిమినట్టు. నేను మెయిళ్ళు మానేశాను. ఎవరి మీద రాయాలి? కంపెనీ అమ్మను అడగలేదని అరిచాను. ఇంట్లో మేము మాత్రం అడిగామా? నాన్న సంగతి సరే, నేను? అమ్మ కొట్టలేదని నేను నమ్మాను నిజమే, కానీ ఆ రోజు అసలేం జరిగిందో కూర్చుని అడగలేదు. స్కూటీని అడిగాను!

లష్కర్ బోనాలకు ముందు శనివారం. వీధి చివర మైకులో పాటలు, స్తంభాలకు వేపమండలు, రోడ్లు మళ్ళిస్తున్నారని పోలీసుల కేకలు. నిలబడి నిలబడి కారు దుమ్ముకొట్టుకుపోయింది, పండగ కదా అని నేనే కడగడానికి దిగాను. బంపర్ మూల దగ్గర పాత పసుపు గట్టిపడి ఉంటే పాత బ్రష్షుతో రుద్దాను. పగులులోంచి ఏదో దారంలాంటిది బయటికొచ్చింది. లాగాను. దారం కాదు. ఇంకొంచెం లాగాను.

కొబ్బరి పీచు.

కుంకుమ అంటిన కొబ్బరి పీచు, పగులులో ఇరుక్కుని.

తలెత్తేసరికి నానమ్మ గడపలో నిలబడి ఉంది. నా చేతిలో ఉన్నది చూసింది. నేను ఆమెను చూశాను. ఒక్క మాట అడక్కముందే ఆమెకు ఏడుపొచ్చేసింది.

"మోకాళ్ళు వంగుతలెవ్వే. కింద రాయి మీద కొట్టనీకి రాలే" అంది. "మీ తాత అంబాసిడర్ బంపర్ మీద ఏటేటా కొట్టలేనా నేను? కాయ పలిగేది గని దానికి గీత పడేదా? ఇదేందో ప్లాస్టిక్ డబ్బా. టప్‌మన్నది. పసుపు మెత్తిన."

"మరి చెప్పలేదేం నానమ్మా? అమ్మ మీదికి వస్తుంటే?"

"అమ్మోరికి కొట్టిన కాయ అపశకునం అయిందంటరని బుగులు పడ్డ. ఇయ్యాల్ల చెప్త, రేపు చెప్త అనుకున్న. అందరు స్వర్ణ కొట్టిందంటుంటే, ఏమో, నిజంగనే ఆమె సుత కొట్టిందేమో అనుకున్న."

లోపలికెళ్ళి దేవుడి గూట్లోంచి ఇంకో తాళం చెవి తెచ్చింది. కొత్త కారుకు రెండు తాళాలిస్తారు కదా, రెండోది కొన్న రోజు నుంచీ అమ్మవారి పటం ముందే ఉంది, పసుపు పూసి. వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్న అమ్మ దగ్గరికి పోయి, అందరి ముందూ, నాన్న ముందు కూడా, జరిగిందంతా చెప్పి ఆ తాళం గట్టు మీద పెట్టింది.

"ఇగో, నీ తాళం. తీస్కపో బిడ్డా."

అమ్మ తాలింపు గరిటె ఆపలేదు.

"అది అమ్మోరి దగ్గర్నే ఉండనీ అత్తమ్మా. అక్కడున్నదని నాకు తెల్వదా? రోజూ దీపం పెట్టేది నేనే గదా" అంది. "మీరు ఏడ్వకండి. పోయి కూసోండి, పప్పు అయిపోయింది."

నాన్న నా చేతిలోంచి కొబ్బరి పీచు తీసుకుని బయటికెళ్ళి, బంపర్ పగులుకు ఆనించి చూశాడు.

బోనాలు అయిపోయాయి. సెలవు తర్వాత స్కూలు తెరిచిన రోజు పొద్దున, అమ్మ వరండాలో గొడుగు వెతుక్కుంటోంది. నాన్న షాపుకు తయారై నా దగ్గరికొచ్చాడు. "ఆ ఇన్సూరెన్స్ ఆయనకు ఫోన్ కలుపు. స్పీకర్ పెట్టు."

'ఈ కాల్ రికార్డు చేయబడుతుంది' అంది ఫోన్‌లో ఆడగొంతు.

"చేసుకోండి. మంచిగ చేసుకోండి" అన్నాడు నాన్న మిషన్‌తోనే. అమ్మిరాజు గారు లైన్లోకి రాగానే నిలబడి మాట్లాడాడు, ఎదురుగా పెద్దమనిషి ఉన్నట్టు. "సార్, దయాకర్. నా భార్య ఎవ్వరిని కొట్టలే. బంపర్ మా అమ్మ కొట్టిన కొబ్బరికాయకు పలిగింది. నేను ఆమెను అడగకుంటనే మీకు చెప్పిన. అది తప్పు. రాసుకోండి."

 "కొబ్బరికాయాండీ?" అన్నారు అమ్మిరాజు గారు. మళ్ళీ తేరుకుని, ఇచ్చిన డబ్బు వెనక్కి రాదని, కానీ ఫైలు తెరిపిస్తానని, "ఈసారి మేడమ్ గారి మాట తీసుకోవాలండి, ఒకసారి ఇస్తారా?" అని అడిగారు.

"నాకు బస్సు టైమయింది. సాయంత్రం చేయమనండి" అంది అమ్మ, గొడుగు దులుపుతూ.

శ్రావణంలో మెసేజ్ కూడా వచ్చింది, అజాగ్రత్త అన్న మాట తీసేశామని. మా ఇంటికి సంబంధించినంత వరకు కేసు అంతకు చాలా ముందే, ఆ పొద్దునే తేలింది.

అమ్మ గేటు దాకా వెళ్ళింది. నాన్న వెనకే వెళ్ళాడు.

"స్వర్ణా."

ఆగింది.

"ఆ రోజు ఏమైంది?"

అమ్మ వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. నాన్న జేబులోంచి తాళం చెవి తీశాడు, ఎలా ఇవ్వాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. అమ్మ కాసేపు దాన్ని అలాగే ఆయన చేతుల్లో ఉండనిచ్చింది. తర్వాత తీసుకుని డ్రైవర్ తలుపు తీసింది.

"శాన ఉన్నది చెప్పనీకి. వింటరా?"

నాన్న గబగబా అవతలి వైపు తిరిగొచ్చి ఎక్కాడు. షాపు తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని, బెల్టు ఎక్కడ తగిలించాలో వెతుక్కున్నాడు. అమ్మే వంగి తగిలించింది. నిలబడి నిలబడి ఉన్న బండి, రెండుసార్లు దగ్గి స్టార్టయింది.

"వాన పడుతుండె..." అని అమ్మ మొదలుపెట్టడం వినిపించింది. అద్దం పైకెళ్ళింది. కారు వీధి మలుపు తిరిగింది.

ఆ రోజు నాన్న బొల్లారం నుంచి బస్సులో తిరిగొచ్చాడు. తడిసిపోయి, మధ్యాహ్నానికి గానీ దుకాణం తీయలేదు.